తెరవని పెట్టె మీద నా సంతకం

ఢిల్లీలో జనక్‌పురి మార్కెట్ బేస్‌మెంట్‌లో పాతికేళ్లకు పైగా వీడియో గేమ్‌లు బాగుచేశాను. మొన్న వేసవిలో షటర్ దించి తాళాలు యజమాని చేతిలో పెట్టాను. అప్పటినుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఎక్కువమంది మగపిల్లలు, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు కూడా. ఇంజనీరింగ్ చదివి, కటవారియా సరాయ్‌లో గది తీసుకుని ఏదో పరీక్షకు తయారవుతూ, ఆ పుస్తకాల మీద విసుగొచ్చి ఈ పని నేర్చుకుందామనుకునేవాళ్లు. "అంకుల్, పాత కన్సోల్స్ రిపేర్‌లో స్కోప్ ఉందా?" అని అడుగుతారు. స్కోప్ సంగతి నాకు తెలియదు. పని సంగతి తెలుసు కాబట్టి అది రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, ఇందులో కోపం ఎక్కువ. మా ఆవిడ మొదటి రెండు పేజీలు చదివి, "అరవై ఆరేళ్లొచ్చాయి, ఇంకా ఎవరిమీదండీ ఈ చిందులు?" అంది. సగం నామీదే. మిగతా సగం ఎవరిమీదో చదివితే మీకే తెలుస్తుంది.

ఉస్తాద్ కట్టించిన చీటీ

షాపు పెట్టకముందు నేను ఫౌజులో, అంటే సైన్యంలో, వైర్‌లెస్ మెకానిక్‌ని. చీరాల నుంచి పద్దెనిమిదేళ్లకే వెళ్లాను, హిందీ ఒక్క ముక్క రాదు. మా వర్క్‌షాప్‌లో పని నేర్పినాయన పేరు సోహన్‌లాల్. హిమాచల్ మనిషి, మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆయనకు ఒక్కటే పట్టుదల. బాగుచేసిన ప్రతి సెట్టుకీ దారంతో ఒక చీటీ కట్టాలి. ఏం పాడైంది, ఏం మార్చాం, ఎవరు తెరిచి చూశారు, ఇవన్నీ రాసి కింద సంతకం చెయ్యాలి. సెట్టు పనిచేస్తే పచ్చ చీటీ, చెయ్యకపోతే ఎర్రది.

నేను చేరిన రెండో ఏడు, ఒక పొద్దున ఎనిమిది సెట్లు పంపాల్సి వచ్చింది. ఏడు నేను చూశాను. ఎనిమిదోది పక్క బల్ల మీది దోస్తు చూశానన్నాడు. సెలవు మీద ఊరెళ్లడానికి అతను రైలు అందుకోవాలి, చీటీ మీద సంతకం నన్ను పెట్టమన్నాడు. పెట్టాను. పంపే ముందు ఉస్తాద్ ఊరికే ఒక సెట్టు పైకి తీసి స్విచ్ వేశాడు. అది ఎనిమిదోది. గరగర శబ్దం కూడా రాలేదు.

ఆయన పచ్చ చీటీ తెంపి, నాలుగు మడతలు పెట్టి, నా చొక్కా జేబులో పెట్టి, నెల రోజులు అక్కడే ఉండనిమ్మన్నాడు. రోజూ పరేడ్ అయ్యాక వచ్చి నా జేబు తట్టి చూసేవాడు. చుట్టూ ఉన్న జవాన్లకు అది మంచి వినోదం. నాకు మాత్రం అన్నం సయించేది కాదు. నెల పూర్తయ్యాక చీటీ వెనక్కి తీసుకుంటూ, "జో ఖోలా నహీ, ఉస్ పర్ దస్తఖత్ నహీ" అన్నాడు. తెరవనిదాని మీద సంతకం పెట్టొద్దని.

సోల్డరింగ్ ఎవరైనా నేర్పుతారు, ఇప్పుడు ఫోన్‌లో చూసి కూడా నేర్చుకోవచ్చు. ఈ చీటీ సంగతి మాత్రం నేను ఉస్తాద్ దగ్గర తప్ప ఎక్కడా నేర్చుకోలేదు. ఫౌజు వదిలి షాపు పెట్టాక కూడా అలవాటు పోలేదు. బాగుచేసిన ప్రతి వీడియో గేమ్‌కీ లోపల ఒక పచ్చ చీటీ అంటించి, మూత బిగించేవాణ్ణి. నేను చచ్చాక ఎవడో తెరిస్తే, ఇక్కడ ఎవరు చెయ్యిపెట్టారో వాడికి తెలియాలి కదా.

ఆడేవాళ్లు ఉన్న రోజులు

నేను షాపు తెరిచేనాటికి వీటిని కన్సోల్ అన్నవాడు లేడు. వీడియో గేమ్, అంతే. లోపల గుచ్చేది క్యాసెట్, చేత్తో పట్టుకునేది రిమోట్. క్యాసెట్ పట్టకపోతే దాని మూతిలో ఉఫ్‌మని ఊదడం అందరికీ తెలిసిన వైద్యం. ఊదితే నోటి తడి లోపలి రాగి కాళ్లకు అంటుకుని చిలుం పడుతుంది. ఊదవద్దని హిందీలో, ఇంగ్లీషులో, తెలుగులో బోర్డు పెట్టాను. చదివి, నవ్వి, నా ముందే ఊదేవారు.

అప్పుడు నేను తెరిచినవాటిలో చీమలు, బిస్కెట్ పొడి, పప్పు మరకలు, ఒకసారి ఒక పాలపన్ను కూడా దొరికాయి. విసుక్కునేవాణ్ణి. కానీ అవన్నీ వాడుకలో ఉన్న వస్తువులు. ఒకటి పాడైతే ఇంట్లో ఎవరో ఒకరు అలిగి కూర్చునేవారు, బాగైతే బేస్‌మెంట్ మెట్ల మీదే కేకలు పెట్టేవారు. నా పనికి అర్థం ఆ కేకల్లో ఉండేది.

ఈ కథకు అసలు మనిషి వరలక్ష్మి గారు. ఆవిడ భర్త అప్పారావు గారు సుబేదార్‌గా రిటైరయ్యారు. టెక్కలి దగ్గరివాళ్లు, ఇక్కడే జనక్‌పురిలో రెండు గదుల ఫ్లాట్ కొనుక్కుని ఉండిపోయారు. ఆయన సరిహద్దు పోస్టింగుల్లో ఉన్న రోజుల్లో ఆవిడ పిల్లలతో కంటోన్మెంట్ క్వార్టర్లలో ఉండేది. పిల్లల కోసం కొన్న వీడియో గేమ్‌ని, వాళ్లు బడికి వెళ్లాక ఆవిడ ఆడడం మొదలుపెట్టింది. పైనుంచి ఇటుకలు పడుతుంటే వాటిని తిప్పి వరసలు పేర్చే ఆట. పిల్లలు పెద్దవాళ్లయి ఉద్యోగాల్లో పడ్డారు, ఆవిడ మాత్రం ఆట మానలేదు. రోజూ మధ్యాహ్నం వంటిల్లు సర్దాక గంటసేపు. రెండేళ్లకోసారి రిమోట్ పట్టుకుని మా షాపుకొచ్చేది. ఎప్పుడూ ఎడమ బటన్ కింది రబ్బరే అరిగి ఉండేది.

"మళ్లీ ఎడమదేనా అమ్మా?" అనేవాణ్ణి.

"పనంతా దానిదేనండి. కుడిది ఊరికే కూకుంటాది, మా ఇంటాయన నాగ," అనేది. వెనక నిలబడ్డ అప్పారావు గారు వినపడనట్టు బోర్డులు చదువుతూ ఉండేవారు.

మీకు నేను చెప్పే మొదటి పనిమాట ఇదే. రిమోట్ తెరిచి ఏ రబ్బరు అరిగిందో చూడండి. ఆ మనిషి ఎలా ఆడతాడో అక్కడ కనిపిస్తుంది. దాన్నిబట్టి బాగుచెయ్యండి.

అద్దాల బీరువాలు

తర్వాత ఫోన్లు వచ్చాయి, అందరి ఆటా చేతిలోకి వెళ్లిపోయింది. షాపు మూసేద్దామా అనుకుంటున్న రోజుల్లో కొత్తరకం మనుషులు మెట్లు దిగడం మొదలుపెట్టారు. ముప్పై, నలభై ఏళ్లవాళ్లు, మంచి జీతాలవాళ్లు. పాత వీడియో గేమ్‌ని తువ్వాలులో చుట్టి పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చేవారు. మొదట్లో నాకు భలే సంతోషమేసింది. ఒకాయన తన చిన్నప్పటి పెట్టె మళ్లీ వెలగగానే నా స్టూలు మీద కూర్చుని ఏడ్చాడు. వాళ్లను నేనేమీ అనను. వాళ్లు ఆడేవాళ్లు.

లాక్‌డౌన్ వచ్చింది. ఇళ్లలో కూర్చుని వీడియోలు చూసి, జన్మలో ఒక్క ఆట ఆడనివాళ్లు కూడా దిగారు. వీళ్లు పనిచేస్తుందా అని అడగరు. అట్టపెట్టె ఉందా, లోపలి కాగితాలు ఉన్నాయా, మూలలు నలిగాయా, ఇదే గోల. తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కితే తెల్లగా చెయ్యమంటారు. మందు పూసి డాబా మీద ఎండలో పెడితే తెల్లబడుతుంది, నేనూ చేశాను. ఒకసారి ఎక్కువసేపు ఉంచితే మూత బిగించేటప్పుడు అప్పడంలా పెట్లింది. భయపడుతూ చెప్పాను. "పర్లేదు అంకుల్, ఫొటోలో వెనకవైపు కనబడదు," అని తీసుకెళ్లాడు. తిట్టి ఉంటే బాగుండునని ఆ రోజు అనిపించింది.

వాళ్లలో నిఖిల్ ఒకడు. వాళ్ల నాన్నగారు కేంద్ర సర్కారు ఆఫీసరు, నెల్లూరువాళ్లు. నిఖిల్ పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలోనే, ఇప్పుడు గుర్గావ్‌లో కంపెనీ ఉద్యోగం. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీ, ఇంగ్లీషు కలిపేసి ఇస్తాడు. మర్యాదస్తుడే. వచ్చినప్పుడల్లా కాళ్లకు దండం పెట్టేవాడు. పాత పెట్టెలు సేకరించే వాళ్ల కలెక్టర్ల గ్రూపులో నా పచ్చ చీటీ గురించి రాసింది అతనే. ఆ తర్వాత చీటీ ఉన్న పెట్టెకు గిరాకీ పెరిగింది. "రావు అంకుల్ ట్యాగ్" అని ఫొటోలు తీసి పెట్టుకునేవారట. నేను షాపులో లేనప్పుడు కూడా నా పేరు తిరుగుతోందని మా ఆవిడకు చెప్పుకున్నాను. పాతికేళ్లు నేలమాళిగలో కూర్చున్నవాడికి ఆ మాట తలకెక్కింది, దాచడమెందుకు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

వెనకటికి మార్కెట్లో ఒక షాపు మూసేస్తూ, యజమాని అమ్ముడుపోని కొత్త వీడియో గేమ్ ఒకటి నాకిచ్చేశాడు. అట్టపెట్టె మీద పాలిథిన్ కూడా చించలేదు. వరలక్ష్మి గారిది సరిగ్గా అదే మోడల్. అప్పటికే వాటి భాగాలు దొరకడం మానేశాయి. ఎప్పటికైనా ఆవిడదానికో మరొకరిదానికో పనికొస్తుందని పై అరలో పెట్టుకున్నాను. ఈ పనిలో దాన్ని ఆపద్ధర్మం సరుకు అనుకోవాలి. నిఖిల్ దాన్ని చూసిన రోజు నుంచి నా వెంటపడ్డాడు.

"అంకుల్, దిస్ ఈజ్ హిస్టరీ. మీ షెల్ఫ్‌లో ధూళి పడుతోంది," అన్నాడు.

"చరిత్ర కాదు నాయనా, స్పేర్. లోపల కెపాసిటర్లు ఉంటాయి. అందులో రసాయనం ఉంటుంది. వాడినా వాడకపోయినా ఇన్నేళ్లకు అది కారి బోర్డును తినేస్తుంది. తీసుకెళ్లాలంటే తెరిచి అవి మార్చి ఇస్తాను," అన్నాను.

"ఖోలేంగే తో వ్యాల్యూ ఖతం, అంకుల్. తెరిస్తే ఇంకేముంది? సీల్డ్ పీస్ దేశంలో ఇంకోటి లేదు. మీ ట్యాగ్ బయట కట్టండి చాలు. మీరు సైన్ చేస్తే ఎవరూ ప్రశ్న అడగరు."

ఆ ఆఖరి మాట దగ్గర పడిపోయాను. మీరు సైన్ చేస్తే ఎవరూ ప్రశ్న అడగరు. ఎంత తియ్యగా ఉందో చూడండి. కొత్త సరుకే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. చీటీ తీసి "పనిచేయు స్థితిలో ఉంది" అని రాసి, సంతకం పెట్టి, పెట్టెకు దారంతో కట్టి అతనికి ఇచ్చేశాను. ఉస్తాద్ జేబు తట్టిన చెయ్యి గుర్తుకు రాలేదని కాదు. వచ్చింది, తోసేశాను.

నిఖిల్ దాన్ని పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ డబ్బాలో గాలి చొరకుండా సీలు వేయించాడు. గుర్గావ్ ఇంటికి భోజనానికి పిలిచి చూపించాడు. గోడంతా అద్దాల బీరువా, లోపల దీపాలు, వరసలుగా నలభై దాకా పెట్టెలు. నా చీటీ ఎదురుగా కనబడేలా పెట్టాడు. ఆ గదిలో టీవీ లేదు. అది నేను గమనించాను, అయినా బిర్యానీ తిని వచ్చాను.

ఎడమ చెయ్యి

ఏడాదిన్నర తర్వాత, చలికాలంలో, వరలక్ష్మి గారికి పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది. మాట దక్కింది, కాలు కొంచెం కొంచెంగా కూడుకుంది, చెయ్యి మాత్రం కదల్లేదు. ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటే ఆవిడ దాన్ని సోఫా కిందికి దొర్లించేది. మొదటి ఏడాదిలో ఎంత వస్తే అంతేనని, ఆ తర్వాత పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు అప్పారావు గారికి చెప్పాడట.

బంతి వద్దన్న మనిషి ఒకనాడు రిమోట్ అడిగింది. ఎడమ బొటనవేలిని కుడి చేత్తో ఎత్తి బటన్ మీద పెట్టుకుని ఆట మొదలుపెట్టింది. మొదటి రోజు ఒక్క ఇటుక కూడా ఎడమకు జరగలేదు. ఫిజియో అమ్మాయి మాత్రం ఇదే చేయించమంది. నాలుగు వారాలకు వేలు నొక్కడం మొదలైంది. ఆరో వారం అప్పారావు గారు షాపుకొచ్చి నిలబడ్డారు. ఆ మనిషి నా దగ్గర నవ్వడం అదే మొదటిసారి.

"ఒక వరస కట్టిందండి. ఎడమ గోడ దాకా తోసింది. పిల్లకాయల ఆటని ఎక్కిరించాను గాని, నా నోరు పడ," అన్నారు.

హోలీ వెళ్లిన వారానికి ఆవిడ వీడియో గేమ్ ఆగిపోయింది. తెరిచి చూశాను. బొమ్మ పుట్టించే పెద్ద చిప్ పోయింది. మిగతావి ఏవైనా మారుస్తాను, ఆ చిప్ తయారు చెయ్యడం ఎప్పుడో మానేశారు. అలాంటి చిప్ నా దగ్గర ఒకే ఒక పెట్టెలో ఉండేది.

వెంటనే నిఖిల్‌కు ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను. ఎడమ వేలు, ఆరు వారాలు, డాక్టరు చెప్పిన గడువు, అన్నీ. చిప్ తీసి, బయటికి తెలియకుండా పెట్టె మళ్లీ మూసి ఇస్తానని కూడా అన్నాను. అది సరైన మాట కాదు, అయినా అన్నాను.

"ఐ యామ్ సో సారీ అంకుల్. ఆంటీ కే లియే బురా లగ్ రహా హై. కానీ సీల్ తీస్తే ఐటమ్ అయిపోయినట్టే," అన్నాడు. ఆంటీ గురించి బాధగా ఉందట. ఆ ఒక్కరోజే తెలుగులో ఎక్కువ మాట్లాడాడు. "ఆడుకోవడానికి కాపీలు ఉన్నాయి కదా. చిన్న బాక్స్‌లో అన్ని గేమ్స్ వస్తాయి. నేను పంపిస్తాను."

నిజంగానే పంపించాడు. అరచేతిలో పట్టే పెట్టె, వందల ఆటలు. అప్పారావు గారి టీవీకి నేనే తగిలించాను. వరలక్ష్మి గారు పది నిమిషాలు ప్రయత్నించింది. ఆ కాపీ పెట్టెల్లో, ఇప్పటి టీవీల్లో, బటన్ నొక్కినదానికి బొమ్మ రవ్వంత ఆలస్యంగా కదులుతుంది. మీకూ నాకూ తెలియదు. ముప్పై ఏళ్లు ఒకే ఆట ఆడినావిడకు తెలుస్తుంది. పైగా ఆ వేలే ఆలస్యంగా కదులుతోంది.

"నా వేలు ఆలిసమో, ఇది ఆలిసమో తెలీటం నేదండి. తీసీండి," అని రిమోట్ పక్కన పెట్టేసింది.

ఇంకో ముగ్గురు కలెక్టర్లను అడిగాను. ముగ్గురి దగ్గరా ఆ మోడల్ ఉంది, ముగ్గురివీ సీలు డబ్బాల్లోనే ఉన్నాయి. వాటిలో రెండు నేను బాగుచేసి చీటీ అంటించినవి. ఒకాయన నాకు పాఠం చెప్పాడు, తాను వారసత్వాన్ని కాపాడుతున్నానని. ఎవరికోసం కాపాడుతున్నావని అడిగితే ఫోన్ పెట్టేశాడు. విదేశం నుంచి తెప్పించిన చిప్ పాత సరుకు మీద పేరు చెరిపి కొత్తది అచ్చువేసిన దొంగది. అది రెండు రోజులు వెలిగి ఆరిపోయింది. ఆ రెండు రోజులూ ఆవిడ ఆడిందట. అది మరీ బాధ.

నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆడటానికి చేసిన వస్తువుని ఆడకుండా ఉంచితేనే విలువ అనే లెక్క ఎవడు పెట్టాడు? ఢిల్లీ చుట్టుపక్కల ఆ మోడల్ పెట్టెలు నాకు తెలిసే నాలుగు ఉన్నాయి. అన్నిటికీ దీపాలు పెట్టారు, ఒక్కదానికీ కరెంటు పెట్టలేదు. రోజూ ఆడే ఒకే ఒక్క మనిషికి ఒక చిప్ దొరకలేదు. దీన్ని ప్రేమ అని పిలిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ బీరువాలు నిండటానికి నా చేతులూ సాయం చేశాయి కాబట్టి ఇంకా మండుతుంది.

చేపల వాసన

ఆ సేకరణ గాలి ఎంత తొందరగా లేచిందో అంత తొందరగా పడిపోయింది. గ్రూపులో కొట్లాటలయ్యాయి. దొంగ సీళ్లు బయటపడ్డాయి. ఉద్యోగాలు మారినవాళ్లు, ఇల్లు కొన్నవాళ్లు అమ్మకానికి పెట్టారు, కొనేవాడు లేడు. నిన్నటిదాకా మూలలు నలిగాయా అని అడిగినవాళ్లు ఇప్పుడు చేతిగడియారాలనో, బొమ్మలనో వెతుక్కుంటూ పోయారు. కొందరు పెట్టెలు మా షాపు ముందు సంచుల్లో వదిలేసి వెళ్లారు. వాటిలో ఆ మోడల్ ఒక్కటీ లేదు.

దీపావళి పొగ ఇంకా దిగని రోజుల్లో నిఖిల్ వచ్చాడు. కాళ్లకు దండం పెట్టలేదు. సీలు డబ్బా బల్ల మీద పెట్టాడు. సీలు తెగి ఉంది. కొనడానికి వచ్చిన పార్టీ కరెంటు పెట్టి చూపిస్తేనే తీసుకుంటానన్నాడట. తప్పక తెరిచారు. వెలగలేదు.

"అంకుల్, యే ఆప్ కా సైన్ హై నా?" అని చీటీ చూపించాడు. ఇది మీ సంతకమే కదా అని.

"నాదే," అన్నాను.

మూత విప్పగానే చేపల వాసన గుప్పుమంది. కెపాసిటర్లు కారితే వచ్చే వాసన అది, ఈ పనిలోకి వస్తే మీకూ అలవాటవుతుంది. గాలి ఆడకపోవడంతో లోపలే ఊరింది. కారిన రసాయనం రాగి తీగలను తినేసి, బోర్డు ఒక పక్కంతా పచ్చగా ఉంది. ఎవరూ ఒక్కసారి కూడా ఆడని కొత్త సరుకు.

నిఖిల్ ఒంగి బోర్డు చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. తెగిన తీగల బదులు సన్న వైర్లు వేసి ఎలాగో ఒకసారి వెలిగించమన్నాడు. కొత్త చీటీ మీద అన్నీ కంపెనీ భాగాలే, ఎవరూ చెయ్యిపెట్టలేదు అని రాసిమ్మన్నాడు. "లాస్ట్ టైమ్ కూడా మీరు చూడకుండానే రాశారు కదా అంకుల్," అన్నాడు.

అందులో వెటకారం లేదు. అతనికి అది మామూలు మాట. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. కొట్టే హక్కు అతనికి ఉంది కూడా. కత్తెర తీసి చీటీ దారం కత్తిరించాను.

"అప్పుడు రాసింది అబద్ధం నాయనా. అది నా తప్పు. మీ గ్రూపులో నా పేరుతోనే రాసెయ్. ఇంకో అబద్ధం మాత్రం రాయను."

"తో ఫిర్ యే కచరా హై. మీరే ఉంచుకోండి," అని లేచి వెళ్లిపోయాడు. ఇక చెత్తే అన్నమాట. అట్టపెట్టె మాత్రం తీసుకెళ్లాడు, అది నలగలేదు కాబట్టి.

బోర్డును ఆల్కహాల్‌తో కడిగాను. కారిన పక్కకు దూరంగా, రెండో చివర, బొమ్మ పుట్టించే చిప్ ఉంది. భూతద్దంలో ఒక్కో కాలూ చూశాను. చిలుం అంటలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా దాన్ని వేడిచేసి, ఎత్తి, వరలక్ష్మి గారి బోర్డు మీద దించాను. స్విచ్ వేయగానే బొమ్మ వచ్చింది.

పచ్చ చీటీ

ఆ సాయంత్రమే తీసుకెళ్లాను. వాళ్ల పాత డబ్బా టీవీ అటక మీదినుంచి దింపి అప్పారావు గారు సిద్ధంగా పెట్టారు. ఆట మొదట్లో వచ్చే పాట మోగగానే వరలక్ష్మి గారి ముఖం విప్పారింది. రిమోట్ ఒళ్లో పెట్టుకుని, ఎడమ వేలిని కుడి చేత్తో ఎత్తి బటన్ మీద పెట్టుకుంది. ఇటుక దిగింది. వేలు కదల్లేదు. రెండోది దిగింది. వేలు చివర గోరు తెల్లబడింది, అంతే. ఇటుకలన్నీ మధ్యలోనే పోగుపడి ఆట అయిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అంతే.

"సెయ్యి మర్సిపోయిందండి," అంది మామూలుగా. "అప్పుడు దారిలో పడింది. మళ్లీ వదిలీసింది."

ఫిజియో అమ్మాయి రావడం మూడు నెలల కిందటే మానేసింది. డాక్టరు చెప్పిన ఏడాది ఇంకో నెలలో అయిపోతుంది. నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను.

అప్పారావు గారు కుర్చీ లాక్కొచ్చి భార్య ఎడమ పక్కన కూర్చున్నారు. ఆవిడ వేలిని తీసి ఒళ్లో పెట్టి, రిమోట్ ఎడమ సగం తన చేతిలోకి తీసుకున్నారు. కుడి సగం ఆవిడ చేతిలోనే ఉంది. ఆట మొదలైంది. ఆవిడ ఇటుక తిప్పుతుంటే ఆయన జరపాలి. ఆయన ప్రతిసారీ ఆలస్యమే.

"ఎడమకండి. ఎడమంటే తెలీదా? ముప్పై ఏళ్లు పరేడ్ ఏటి సేసినారు?"

"తోస్తన్నాను కదే, ఆగు," అన్నారు ఆయన, నుదుటికి చెమట పట్టి.

ఐదో ఆటకు ఒక వరస కట్టారు. ఆవిడ నవ్వింది. ఎడమ చెయ్యి మాత్రం ఒళ్లో అలాగే పడుంది.

మూత బిగించేముందు చీటీ అంటించాలి కదా, ఆ పని వాళ్లింటి దగ్గరే చేద్దామని వదిలేశాను. ఆట ఆపించి, మూత తెరిచి, పచ్చ చీటీ తీసి రాశాను. అప్పారావు గారు కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. చివరి మాట దగ్గర ఆగారు.

"ఇదెందుకండి రాస్తారు? మీరేటి సేస్తారు పాపం."

"తెరిచి చూసింది రాయాలి సార్," అన్నాను.

చీటీ ఇప్పటికీ ఆ పెట్టెలోనే ఉంది. రేపు మీలో ఎవరైనా దాన్ని తెరవాల్సి వస్తే చదవండి. "బొమ్మ చిప్ మార్చాను. తెరిచి చూశాను. పనిచేస్తోంది. ఎనిమిది నెలలు ఆలస్యం." కింద నా సంతకం ఉంటుంది.